దొర ఎత్తిన ఆట కర్ర

హైటెక్ సిటీ దుకాణంలో నా మనవడు స్నూకర్ కర్ర చేతికి తీసుకుని, ఒక కన్ను మూసి దాని పొడవునా చూశాడు. అది చూసి నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

నిజాం పాలన చివరి రోజులవి. నాకు ఆరేళ్లు. మాది గోపన్‌పల్లి, నాయిన వడ్రంగి. దొర అడిగాడని అలాంటివే మూడు కర్రలు చేశాడు. గాజుపెంకుతో గీకి, నూనె రాసి, వంకర ఉందేమోనని బండమీద దొర్లించి చూసేవాడు. అవెందుకో నాకు చెప్పలేదు. దొర చేతిలో కర్ర ఎందుకుంటుందో మా ఊరి పిల్లలందరికీ తెలుసు.

దొర ఉండే గడిలో ఆయన ఒక్కొక్కటే ఎత్తి, బరువు చూసి, గాలిలో ఆడించాడు. నాయిన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏ కర్రతో కొట్టాలో ఎంచుకుంటున్నాడనుకుని నాయిన కాలు పట్టుకున్నాను.

"నాయినా, ఇంటికి పోదాం."

"ఊకో బిడ్డా. గది ఆడుకునే కర్ర."

"గిది మంచిగ కుదిరిందిరా," అన్నాడు దొర.

అంతే. ఎవరినీ కొట్టలేదు. నా పిచ్చి భయం చెప్పుకుని ఇంట్లో ఏళ్లతరబడి నవ్వారు. నాయిన మాత్రం ఒక్కసారీ నవ్వలేదు.

ఆట కర్రే అని ఆయనకు తెలుసు. అయినా దొర ఒక్కో కర్ర ఎత్తినప్పుడల్లా, నేను పట్టుకున్న ఆయన కాలు వణికింది.