పెళ్లిచూపుల్లో నా వయసు తొమ్మిదేళ్లు

తప్పుడు పనులు చేసి పరువు పోగొట్టుకున్నవారు లోకంలో చాలామంది ఉంటారు. పిల్లల రక్షణకు నడుం బిగించి, పెళ్లిచూపుల్లో పరువు పోగొట్టుకున్నవాణ్ని మాత్రం, నాకు తెలిసి, నేనొక్కణ్నే. నవ్వుకోండి, నాకిప్పుడు అభ్యంతరం లేదు.

అప్పట్లో తాండూరులో బండల పాలిష్ యూనిట్‌లో పని. సాయంత్రమైతే గ్రంథాలయం. కాలేజీ గడప తొక్కకపోయినా అక్కడి బీరువాలన్నీ నమిలి మింగానన్న గర్వం నా మొహాన సైన్‌బోర్డులా వేలాడేది. ఒకరోజు పత్రికలో చదివాను: పిల్లల కోసం కొన్ని దేశాలు చట్టాలు తెస్తున్నాయట, వాడేవారి వయసు ఇక ఫోన్లే తేల్చుకోవాలట. మన దగ్గరికి వచ్చేదాకా ఆగడమెందుకని మా ఇంట్లో వెంటనే అమలుచేశాను.

మా అక్క కూతురు చిన్ని కార్టూన్లు చూసేది నా ఫోన్‌లోనే. కాబట్టి అందులో నా పుట్టినతేదీ తీసేసి చిన్నిది పెట్టాను. అనుమతులిచ్చే పెద్దదిక్కుగా అక్క ఫోన్‌ను కలిపాను.

"తమ్మీ, నీ ఫోన్ ఆగం చేస్కుంటవ్ రా" అంది అక్క.

"నీకు తెల్వదక్కా. గిది చట్టం!"

పుస్తకమైతే ముందుమాట కూడా వదలని నేను, ఆ ఫోన్ షరతులన్నిటినీ చదవకుండానే ఒప్పేసుకున్నాను.

మర్నాడే అక్కా నేనూ వికారాబాద్‌కు పెళ్లిచూపులకు వెళ్లాం. అమ్మాయి స్వప్న, బడిలో టీచరు. ఫోటో చూసినప్పుడే నేను పడిపోయాను. ఈ సంబంధం తప్పితే నాకు బతుకే లేదన్నంత పడిపోయాను. అంతకుముందు వచ్చినవాడు వయసు తగ్గించి చెప్పాడని వాళ్ల నాన్న మహా పట్టుదలగా ఉన్నాడట. నాకేం భయం? నాకు నిజంగానే ఇరవై ఏడు.

ఆయన అడిగింది నా ఉద్యోగం గురించి. నేను చెప్పింది ఫోన్ల చట్టం గురించి. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు స్వప్న అంది, "గా చట్టం ఏ దేశంలదండి? జర చూపిస్తరా?"

దర్జాగా ఫోన్ తీశాను. తెరమీద బొమ్మ ఎలుగుబంటి చెయ్యి ఊపుతోంది. కింద పెద్ద అక్షరాలు: "నీ వయసు తొమ్మిదేళ్లు. ఇది చూడాలంటే పెద్దలను అడుగు."

వాళ్ల నాన్న కళ్లద్దాలు సవరించుకుని చదివాడు.

"నీకెన్నేండ్లన్నవ్?"

"ఇరవై ఏడు సార్."

"మొన్నచ్చినోడు ఐదేండ్లే కోసిండు. నువ్వు ఏకంగ పద్దెనిమిది కోసినవ్!"

"అట్ల కాదు సార్, మా అక్క ఫోన్‌ల ఒప్పుకుంటే అయిపోతది."

అక్క నేలచూపులు చూసింది. "నీ ఫోన్‌ల కార్టూన్లు బందైనయని పోరి ఏడ్సింది. నాది దానికిచ్చి వచ్చిన తమ్మీ."

ఆయన ఫోన్ నుంచే చిన్నికి చేసి, అందరూ వినేలా స్పీకర్ పెట్టాం.

"చిన్నీ, అమ్మ ఫోన్‌ల ఏమన్న వచ్చిందా?"

"అవ్ మామా. మీ పిల్లవాడు అనుమతి కోరుతున్నాడు, అని వచ్చింది."

"అమ్మ పాస్‌వర్డ్ చెప్తది, ఇను..."

"నాకు తెల్సు. నువ్వు పెట్టంగ చూసిన."

నా చట్టం అక్కడికక్కడే ప్రాణం విడిచింది.

"మరి నొక్కు బిడ్డా!"

"ముందు సారీ చెప్పు. నా కార్టూన్లు బంద్ చేసినవ్."

చెప్పాను.

"గట్టిగ!"

వీధి వినేలా చెప్పాను.

"సరే. పావుగంటే ఇస్త."

స్వప్న చున్నీ అడ్డం పెట్టుకుని, "బాపూ, పావుగంటే టైమున్నదంట. అడిగేదుంటే జల్ది అడుగు" అంది.

ఆయన నవ్వలేదు. "చట్టాలు మస్తు చదివినవ్ గద. మగపిల్లగానికి ఇరవై ఒకటి నిండందే పెండ్లి చేయొద్దని గూడ చట్టమున్నది. పో, ముందు గా ఫోన్‌ల పెండ్లీడుకు రా. అప్పుడు మాట్లాడుదం."

ఫోన్ మాత్రం ఎంతకీ పెద్దది కానంది. దాంతో ఆధార్ కార్డు, పదో తరగతి మెమో, వాటికి తోడు అక్కనూ పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆయన మూడింటినీ తనిఖీ చేసి ఒప్పుకున్నాడు.

పెళ్లయ్యాక, అక్క స్థానంలో పెద్దదిక్కై, నా ఫోన్‌లో వయసు సరిచేసింది స్వప్నే. చూస్తే ఇరవై ఒకటి ఉంది.

"నాకిప్పుడు ఇరవై ఎనిమిది కదా!"

"పెండ్లికి గంత చాలు. మిగిలినయి నడవడిక చూసి ఇస్త."

కావున, నేను పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, ఆమె ఎదుటే నిలబడి చేస్తున్న ప్రతిజ్ఞ: ఇక ఈ జన్మలో ఏ యంత్రానికీ నా అంతట నేను వయసు చెప్పను. అడిగితే ఇంటావిడను పిలుస్తాను. ఆమె ఎంతంటే నాకు అన్నేళ్లే.