వేలం నోటీసు మీద శనక్కాయలు

"నా సేను వేలం ఆగిపోయిందప్పా," అంటూ పక్క సీటులోని పెద్దావిడ బ్యాంకు నోటీసును ఒళ్లో పరిచి, దాని మీద ఉడికించిన శనక్కాయలు పోసుకుంది. కుప్పం నుంచి మదనపల్లె వెళ్తున్న మా బస్సును ఆమె పుంగనూరులో ఎక్కింది.

ఎనిమిదేళ్ల కిందట ఆమె రెండెకరాలు కొని రిజిస్ట్రేషన్ చేయించుకుంది. పొలానికి ఉన్న పాత పట్టాదారు పాస్‌పుస్తకాన్ని మాత్రం అమ్మినవాడికే వదిలేసింది. వాడు ఆ పుస్తకం చూపించి, అమ్మేసిన పొలాన్నే తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నాడు. తిరిగి కట్టలేదు. బ్యాంకువాళ్లు వేలం నోటీసును పొలంలోని మోటారు గదికి అంటించారు. అప్పు కంటే ఆమె దస్తావేజే ముందుదని తేలడంతో ఆ ఉదయమే వేలం మానుకున్నారు.

"పుస్తకం వానికి యాల వదిలేస్తివమ్మా?" అని అడిగాను.

"దాని మింద వాని ఫొటో ఉండాది గదప్పా. పరాయి మొగోని ఫొటో నా పెట్టెలో యాల అనుకున్యా."

తనే నవ్వి, నోటీసును నావైపు జరిపింది. "తిను, ఇంగ దీంతో పనేముండాది."

ఇంటికి చేరాక మా స్థలం కాగితాలు దించి చూసుకున్నాను.

బస్సు దిగేముందు ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. ఆ పాస్‌పుస్తకం ఇంకా బ్యాంకులోనే ఉంది, రెవెన్యూ రికార్డులో ఇప్పటికీ అమ్మినవాడి పేరే ఉంది; అది చూపించి వాడు మళ్లీ అప్పు తెచ్చుకోవచ్చు.