తెర మీద కనపడని మా అక్క

మా తోటికోడలు పోయిందన్న కబురు పొద్దున్నే చుట్టాలందరికీ వెళ్లింది. మధ్యాహ్నం మేడ మీద గదిలో ఆమె లాప్‌టాప్ మోగింది. జర్మనీ వాళ్లకు ఎవరమూ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. సామర్లకోటలో మాది కిరాణా కొట్టు నడిపే ఇల్లు. అక్క మాత్రం ఇంట్లోంచే కంప్యూటర్ పని చేసేది. జర్మనీలో ఆసుపత్రులకు, రోగులు ఏ వేళకు రావాలో చూపించే ప్రోగ్రామ్ రాసే పని అది. ఆమె కింద కొందరు ఆడపిల్లలు తునిలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ ఎవరింట్లోంచి వాళ్లు పనిచేసేవారు. రోజూ మధ్యాహ్నం అటువాళ్లూ ఇటువాళ్లూ తెర మీద కలుసుకుని, ఒక్కొక్కరూ మూడు సంగతులు చెప్పాలి. నిన్న ఏం చేశాను, ఈవేళ ఏం చేస్తాను, నా పనికి అడ్డం ఏమిటి.

నేను ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నాకు గొంతు పెగిలేది కాదు. అక్క ఆ మీటింగే వంటింట్లో నాకూ పెట్టింది.

"చెప్పమ్మా, అడ్డం ఏంటి?"

"ఏం లేదక్కా."

"మరి కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయి? ఉల్లిపాయలు తరిగింది నేను కదా!"

అత్తయ్యగారు వసారాలోంచి కేకేసేవారు. "ఏంటే మీ మీటింగు? పప్పులో ఉప్పు పడిందా లేదా?"

"ఈవేళ చెయ్యాల్సిన వాటిలో మొదటిది అదేనండీ!" అనేది అక్క.

పుట్టింటికి వెళ్లాలనుందని నేను మొదటిసారి పైకి చెప్పింది ఆ పొయ్యి దగ్గరే.

ఒకసారి జర్మనీ వాళ్లకు ఆత్రేయపురం పూతరేకులు పంపింది. వాళ్లు పైది కాగితమనుకుని, పొరలన్నీ ఒలిచి పారేసి, లోపలి పంచదార పొడి చెంచాలతో తిన్నారట. చాలా బాగుందని కూడా అన్నారట. మేమంతా పడీపడీ నవ్వాం. అక్క కళ్లు తుడుచుకుంటూ, "వాళ్ల తప్పేముందే, నేను చెప్పకపోతే? దూరాన ఉన్నవాళ్లకి కనపడనిది మనమే నోరు తెరిచి చెప్పాలి," అంది.

అలా అన్న మనిషే తన జబ్బు దాచింది. క్యాన్సర్. కాకినాడలో మందు ఎక్కించడం మొదలై, జుట్టు రాలిపోయాక కెమెరా ఆపేసింది. మా ఊళ్లో నెట్ సరిగా రాదని వాళ్లకు చెప్పింది. నెట్ బాగానే వచ్చేది.

"చెప్పెయ్యక్కా," అన్నాను.

"చెప్తే పని ఇంకో కంపెనీకి ఇచ్చేస్తారే. నా కింద పనిచేసే పిల్లలు ఏమైపోతారు? ముందు వాళ్లకి అంతా నేర్పెయ్యనీ."

మంచం మీద పడుకునే నేర్పేది. చివర్లో వేళ్లు తిమ్మిరెక్కి, మాట్లాడే మీట నేనే నొక్కేదాన్ని. జర్మనీ పెద్దాయన అడ్డం ఏమిటని అడిగేవాడు. ఏమీ లేదని అక్క చెప్పేది. చెప్పగానే మీట ఆపమని నాకు సైగ చేసి, అప్పుడు దగ్గేది. ఆ దగ్గు వాళ్లెవరూ వినలేదు.

ఆ రోజు లాప్‌టాప్ మోగుతుండగానే, అక్క దగ్గర పనిచేసే తుని అమ్మాయి నాకు ఫోన్ చేసింది. "అక్కా, మేడమ్ గారు సెలవులో ఉన్నారని చెప్పేద్దామాండీ? ఇంకా సగం పని మాకు రాదండీ. తెలిస్తే మమ్మల్ని తీసేస్తారు." ఏడుస్తోంది.

కింద వీధిలో పాడె కడుతున్నారు. కిటికీలోంచి కనపడుతోంది. దాన్ని చూస్తూ సెలవు అనే మాట నా నోట రాలేదు.

"వద్దమ్మా. నువ్వూ మీటింగులోకి రా. నేను చెప్తాను, నువ్వు ఇంగ్లీషులో చెప్పు," అన్నాను.

మీట నొక్కాను. తెర నిండా తెల్లవాళ్ల ముఖాలు. నాకు తెలిసింది ఆ మూడు సంగతుల వరసే.

"నిన్న అక్క కాస్త గంజి తాగిందండీ. ఈవేళ పొద్దున్న పోయిందండీ. అడ్డం..."

అక్కడ ఏడ్చేశాను. తుని అమ్మాయి అంతవరకూ ఇంగ్లీషులో చెప్పింది. వాళ్లలో ఒకావిడ చేత్తో నోరు మూసుకుంది.

వాళ్లు పూలు పంపారు. నెల తిరక్కుండానే పని వేరే దేశం వాళ్లకు ఇచ్చేశారు. తుని అమ్మాయి ఇప్పుడు బట్టల కొట్టులో బిల్లులు కొడుతోంది. నా మీద కోపం లేదంటుంది. అయినా మునుపటిలా ఫోన్ చెయ్యదు.

ఆ తెర మీద ఎవరు మాట్లాడితే వాళ్ల పేరు చుట్టూ ఒక గీత వెలుగుతుంది. నేను కూర్చున్నది అక్క లాప్‌టాప్ ముందు. అన్ని ముఖాల మధ్య ముఖం లేని ఆ నల్లటి గడిలో, నేను ఏడ్చినంతసేపూ అక్క పేరే వెలుగుతూ, ఆరుతూ, మళ్లీ వెలుగుతూ ఉంది.