పిడుగులమ్మలో గోరంత ముక్క

మొన్న పొద్దున కల్లూరులో మా ఇంటి వరండాలో కాఫీ తాగుతుంటే, ఒకప్పుడు నా దగ్గర చదువుకుని ఇప్పుడు తానే పాఠాలు చెబుతున్న శిష్యురాలు ఫోన్ చేసి, బద్వేలు అవతల మీరెప్పుడూ చెప్పే ఆ రాయిని తీసుకుపొమ్మంటున్నారు మేడమ్, మీరూ రండి అంది. అప్పటినుంచి నాకు కుదురు లేదు. కాఫీ చల్లారిపోయింది, కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో తెలియదు, ఈ వయసులో నేను వరండాకూ వంటింటికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే మా ఆయన పేపరు మడిచి నన్నే చూస్తూ కూర్చున్నారు.

మా నాన్నది కర్నూలులో కిరాణా అంగడి. శెట్టిగారి కూతురు రాళ్ల వెంట పడిందేమిటని చుట్టాలంతా నవ్విన రోజులవి. నా పరిశోధన ఆకాశం నుంచి పడ్డ రాళ్ల మీద. గ్రహాలు ఎలా పుట్టాయో వాటిలో ఆనవాళ్లుంటాయి, కానీ చూడాలంటే ఒక ముక్క కోసి, అటువైపు వెలుతురు కనిపించేంత పలచగా అరగదీయాలి. గోరంత చాలు. ఆ ముక్క దొరక్కపోతే నాకు థీసిస్ లేదు, థీసిస్ లేకపోతే అమ్మ చూసిపెట్టిన సంబంధం సిద్ధంగా ఉంది.

అలాంటి రాయి ఒకటి బద్వేలు అవతల, నేతవాళ్ల ఊరి బయట బీడులో ఉందని మా గైడుగారికి తెలిసింది. వెళ్లి చూస్తే బిందెంత నల్లరాయి, ఒళ్లంతా పసుపు పూసుకుని, కొత్త నూలుచీర కట్టుకుని కూర్చుంది. ఎవరి ముత్తాతల కాలంలోనో పెద్ద ఉరుముతో పడిందట, పిడుగులమ్మ అంటారు. ఏటా మగ్గం దిగిన మొదటి చీర ఆమెకే. ఆమె చుట్టూ ఉన్న నేలలో నాగలి పెట్టరు, మేకను తోలరు, పుల్ల విరవరు. నాతో వచ్చిన వృక్షశాస్త్రం స్నేహితురాలైతే, చుట్టుపక్కల ఎక్కడా కనబడని గడ్డి అక్కడ మోకాలెత్తు పెరిగి ఉండటం చూసి, చెప్పులు విప్పేసి అందులోనే చతికిలబడింది. నాకేమో ఆ గడ్డీ వద్దు, అక్కడి ఆడవాళ్లు పాడే పాటలూ వద్దు, ముక్క కావాలి.

అమ్మవారి పూజ చూసుకునే అవ్వ మగ్గం ఆపి నేను చెప్పిందంతా విన్నది. ఈ రాయి మన భూమికంటే ముందే పుట్టి ఉండొచ్చంటే మురిసిపోయింది కూడా.

"అంత పెద్దామెను కొయ్యమని చెప్పేదానికి నేనెవురు పాపా? ఆమెనే అడుగుదాం పా," అంది.

రాతికి రెండు పక్కలా తడిపూలు అంటించి, కుడిపక్కది ముందు రాలితే సరే, ఎడమపక్కది రాలితే కాదని చెప్పి, పాట ఎత్తుకుంది. ఎండ మాడ్చేస్తోంది. ఎమ్మెస్సీ చదివిన నేను, గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుంటూ, కుడిపక్క పువ్వును కళ్లతోనే లాగాను. ఎడమది రాలింది.

"బాధపడాకు. ఈ తూరి వద్దనింది. మళ్లా రా, మళ్లా అడుగుదాం," అని అవ్వ నా తల నిమిరింది.

అబ్బ, ఎంత కోపం వచ్చిందో! బస్సులో దారిపొడుగునా ఏడ్చాను. తర్వాతా వెళ్లాను, ప్రతిసారీ అదే జవాబు. ఎవరూ లేనప్పుడు సుత్తితో ఒక పెచ్చు కొట్టుకు రమ్మని గైడుగారు విసుక్కున్నారు గానీ నాకు చేతులు రాలేదు. పరిశోధన మూలపడింది, కాలేజీలో పాఠాలు చెప్పుకోవడంతో సరిపెట్టుకున్నాను. అమ్మ చూసిన సంబంధమే చేసుకున్నాను, ఆ పేపరు మడిచిన మనిషే ఆయన. మంచివారే, కానీ నా కాలు మాత్రం ఆ తర్వాత ఒకచోట నిలిచింది లేదు.

నిన్న వెళ్లాం. ఊళ్లో మగ్గం చప్పుడు లేదు. బీడంతా చదును చేసి హద్దురాళ్లు పాతారు, గడ్డిపోచ లేదు. అవ్వ ఎప్పుడో పోయిందట. ఆమె మనవడు సెల్‌ఫోన్‌లో మాట్లాడుతూనే మాకు దారి చూపించాడు.

"తీస్కపోండి మేడమ్. ఈడ ప్లాట్లు వేస్తాండాం, శానా అడ్డంగా ఉండాది. కోసుకుంటారో పగలగొట్టుకుంటారో మీ ఇష్టం," అన్నాడు.

ఇద్దరు కూలీలు దాన్ని ఎత్తి కారు డిక్కీలో పడేశారు. అవ్వ పాడిన ఆ పాటలు ఊళ్లో ఎవరికైనా వచ్చునా అని మనవణ్ణి అడిగితే, ఏం పాటలు మేడమ్ అన్నాడు.

ఇప్పుడది మా వరండాలో ఉంది. రేపు కోతకు పంపుదామని శిష్యురాలు తొందరపెడుతోంది, నేనూ సరేనన్నాను. నాకు అడ్డం పడిందని ఇన్నేళ్లూ ఆ అవ్వ మీద ఎంత కోపం పెట్టుకున్నానో, ఈ పూట ఆమే మా గడప తొక్కి వచ్చి, వద్దు పాపా అని ఒక్క మాటంటే బాగుండునని అంత ఏడుపొస్తోంది.