ఓడెక్కని ఇటలీ తాత

ఇటలీ నుంచి వచ్చిన మా ముత్తాత, ముత్తవ్వను పెళ్లాడి, కొన్నేళ్లకు ఓడెక్కి వెళ్లిపోయాడని ఇంట్లో చెప్పేవారు. ఈ రోజు తిరువళ్ళూరు దగ్గర ఒక పాత చర్చిలో సమాధుల రిజిస్టరు తిరగేస్తుంటే ఆయన పేరు కనబడింది. పక్కన ఇలా రాసి ఉంది: “అత్తవారి బావిలో దొరికిన శవం. చేతులు కట్టేసి ఉన్నాయి.”

వెంటనే తిరుత్తణిలో ఉన్న మేనత్తకు ఫోన్ చేశాను.

“అత్తా, తాత ఓడెక్కలేదంట. మన బావిలోనే చచ్చిపోయినాడంట.”

అత్త మెల్లగా అడిగింది.

“చేతులు ఎవురు కట్టేసినారో గూడా రాసుండాదా నాయనా?”

చేతుల సంగతి నేనింకా చెప్పనేలేదు.

ఆదివారం భోజనానికి ఒక్కడినే రమ్మంది. మీరైతే వెళ్తారా?