రెండడుగుల దూరంలో స్కాట్లండ్

మా ఇంట్లో ప్రయాణాల శాఖ నాది. మా ఆయనకి అప్పజెప్తే ఏమవుతుందో ఒకసారి చూశాను. విశాఖపట్నానికి చవగ్గా దొరికిందని ఎక్కడెక్కడో తిరిగి వెళ్ళే టికెట్లు కొని, మధ్యలో ఒక పగలంతా మమ్మల్ని ఎయిర్‌పోర్టు కుర్చీల్లో కూర్చోబెట్టాడు. ఆ రోజే ఆ పని ఆయన చేతిలోంచి లాగేసుకున్నాను. అందుకే మేం నలుగురం స్కాట్లండ్ వెళ్ళి గోల్ఫ్ ఆడాలన్న మాట పుట్టగానే నేను ఫోన్లో మ్యాపు తెరిచి అక్కడి తూర్పు తీరాన్ని పెద్దది చేసి చూడటం మొదలుపెట్టాను. మిగతా ముగ్గురూ ఇంకా ఇడ్లీల దగ్గరే ఉన్నారు.

నలుగురంటే నేను, మా ఆయన, అల్ ఐన్‌లో ఉండే మా బావగారు, మా నిజామాబాద్ మిత్రుడు. బావగారు మా ఆయనకి అన్నగారు. అల్ ఐన్‌లో నీటి పంపింగు స్టేషన్లు చూసుకునే ఇంజనీరు. మా ఆయన కాలేజీలో చేరకముందే ఈ ఎమిరేట్స్ దేశం వచ్చేశారు. మిత్రుడు దుబాయ్ కుసైస్‌లో మా పక్క బిల్డింగులో ఉంటాడు. ఒకప్పుడు అక్కడి లేబర్ క్యాంపులోనే కిక్కిరిసిన గదిలో ఉన్న మనిషి. ఇప్పుడు ఏసీలు బాగుచేసే సొంత కంపెనీ నడుపుతున్నాడు. ఒక గోల్ఫ్ క్లబ్బులో ఏసీ రిపేరుకి వెళ్ళి, కిటికీలోంచి ఆట చూస్తూ ఉండిపోయి, తర్వాతి వారం కర్ర కొనుక్కొచ్చాడు. నన్ను వదినా అంటాడు, బావగారిని పెద్దన్నా అంటాడు.

నాకైతే గోల్ఫ్ అంటే వెటకారం. ఏ పనీ లేనివాళ్ళు ఎండలో బంతిని తిప్పుకునే వ్యవహారం అనేదాన్ని. కరోనా లాక్‌డౌన్ సడలించాక మాల్స్‌కి పోవాలంటే భయం, ఇంట్లో ఉంటే ఒకరి మీద ఒకరం అరుచుకోవడం. ఆరుబయటే కదమ్మా, రండి అని బావగారు పిలిస్తే గాలి మారుతుందని వెళ్ళాం. పదిసార్లు కొడితే తొమ్మిదిసార్లు నా కర్ర గాలికే తగిలింది. ఒక్క దెబ్బకి మాత్రం బంతి లేచింది. అది అంత ఎత్తుకి వెళ్ళి, ఖర్జూర చెట్లు దాటి, దాదాపు నేను అనుకున్న చోటే పడింది. నా వెటకారం ఆ పూటతో ఖలాస్.

బావగారు ఆట నేర్చుకున్నది ఇసుకలో. అప్పట్లో అల్ ఐన్‌లో ఆయన ఆడిన కోర్సు మైదానంలో గడ్డి మొలిచేది కాదట. ప్రతివాళ్ళూ చేతిలో చిన్న ప్లాస్టిక్ గడ్డి ముక్క పట్టుకుని తిరిగేవాళ్ళు. బంతి ఎక్కడ ఆగితే అక్కడ ఆ ముక్క పరిచి, దాని మీద బంతి పెట్టి కొట్టేవాళ్ళు. ఆ రోజుల్లో ఆయన ముదీర్, అంటే మేనేజరు, ఒక స్కాట్లండ్ మనిషి. ఇసుకలో ఆడుతూనే వాళ్ళ ఊరి సంగతులు చెప్పేవాడట. ఈ ఆట పుట్టింది అక్కడి సముద్రపు ఒడ్డునే, వందల ఏళ్ళుగా అదే గడ్డి మీద ఆడుతున్నారు, పక్కనే కూలిపోయిన కోట, రాతి గోడల రేవు, చలిగాలి. బావగారు ఇవన్నీ ఎన్నిసార్లు చెప్పారో, కళ్ళు మూసుకుని ఆ ఊళ్ళో నేను దారి చెప్పగలను.

డిసెంబరులో ఆయన రిటైర్మెంటు. వీసా రద్దవుతుంది, కాకినాడ వెళ్ళిపోతారు. వెళ్ళాక గోల్ఫ్ కర్రలు బీరువా మీదికి ఎక్కుతాయని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. అందుకే ఆ ఇడ్లీల దగ్గర, ఆ గడ్డి మీద ఒక్కసారి ఆడాలని ఉందమ్మా అని ఆయన మెల్లగా అంటే, సెప్టెంబరులో వెళ్తున్నామని నేను ప్రకటించేశాను. ఎవరినీ అడగలేదు.

ఇక నా సంబరం చెప్పనలవి కాదు. ఆఫీసులో లంచ్ టైములో కూడా ఆ తీరంలోని చేపల ఊళ్ళన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చేదాన్ని. ఏ ఊరి నుంచి ఏ ఊరికి బస్సుందో, ఏ బసలో వంటగది వాడుకోనిస్తారో అన్నీ కంఠతా పట్టాను. బయట పెనం కాలినట్టు కాలుతుంటే షార్జాలో రోలా బజారుకి వెళ్ళి వాన కోట్లు అడిగాను. కొట్టువాడు నన్ను ఎగాదిగా చూసి, లోపలి నుంచి దుమ్ము దులుపుతూ నాలుగు తెచ్చాడు. ఇంటికొచ్చి ఏసీ బాగా పెంచి, నలుగురం ఆ కోట్లు తొడుక్కుని, చేతులు ఆడుతున్నాయో లేదో చూసుకోవడానికి హాల్లో ఉత్త కర్రలు ఊపాం. మా ఆయన సీలింగు లైటు పగలగొట్టాడు. ఇసుక రేపే షమాల్ గాలి లేచి ఊరంతా తలుపులు బిడాయించుకున్న రోజున మాకు పండగ. స్కాట్లండ్ గాలికి అలవాటు పడాలిగా, యల్లా అంటూ అందరినీ బయటికి తోలేదాన్ని. కళ్ళల్లో ఇసుక తప్ప ఏమీ నేర్చుకోలేదు కానీ, ఎంత నవ్వుకున్నామో.

అంతా కుదిరింది అనుకున్నాక, ముదీర్ చెప్పిన ఆ సముద్రపు ఒడ్డు పాత కోర్సు వాళ్ళకి నేను రాసినదానికి జవాబు వచ్చింది. మాకు ఒక ఉదయం ఇచ్చారు. నేను సోఫాలోంచి ఎగిరాను. కింద ఇంకో మాట ఉంది. ఆడేవాళ్ళందరూ హ్యాండికాప్ సర్టిఫికెట్ తేవాలి, మగవాళ్ళకి ఇరవై నాలుగు దాటకూడదు. హ్యాండికాప్ అంటే ఆటగాడి స్థాయికి వేసే అంకె. అది ఎంత చిన్నదైతే ఆట అంత మెరుగు. మా ముగ్గురికీ దుబాయ్ క్లబ్బు ఇచ్చిన సర్టిఫికెట్లున్నాయి. మా ఆయనదీ మిత్రుడిదీ ఆ లోపే, ఆడవాళ్ళకి పెట్టిన హద్దులో నాదీ ఉంది. బావగారు మాత్రం మనలో మనకి కాగితాలెందుకని ఎప్పుడూ తీసుకోలేదు. అదేమంత కష్టం కాదు. అల్ ఐన్‌లో ఉన్న గడ్డి కోర్సులో మూడు ఆటలు ఆడి, పక్కనున్న ఆటగాడు సంతకం చేసిన మూడు కార్డులు ఇస్తే చాలు. మూడింట్లోకీ మంచి ఆటని బట్టి అంకె వేస్తారు. మా లెక్క ప్రకారం ఆయనది పద్దెనిమిదికి అటూ ఇటూ. మేం ఏమాత్రం కంగారు పడలేదు.

మొదటి ఆటకి, ఏ గుంటకి ఎన్ని దెబ్బలు పట్టాయో కార్డు రాసే పని నాకు పడింది. మొదటి గుంట దగ్గర బావగారి బంతి రెండడుగుల దూరంలో ఆగింది. మా ఆయన అలవాటుగా, తీసేయ్ అన్నయ్యా అన్నాడు. బావగారు అలవాటుగానే వంగారు.

ఇక్కడ మా ఆట పద్ధతి చెప్పాలి. స్నేహితులు సరదాగా ఆడుకునేటప్పుడు బంతి గుంటకి బాగా దగ్గరగా ఆగితే, అది పడినట్టే లెక్క, తీసేయ్ అనడం ఎక్కడైనా ఉన్నదే. మేం మా ముగ్గురిలో ఒకరికొకరం జానెడు కూడా వదలం. బావగారికి మాత్రం మొదట్నుంచీ వదిలేసేవాళ్ళం. ఇంటికి పెద్ద, తెల్లజుట్టు మనిషి, అంత చిన్నదానికి వంగి గురి చూస్తుంటే మేం చేతులు కట్టుకుని నిలబడి చూడటమా? తప్పిపోతే ఎటు చూడాలి? మొదట్లో అడుగు దూరం వదిలాం. అది రెండడుగులైంది. తర్వాత తర్వాత మూడైనా ఎవరూ కొలవలేదు. పెద్దవాళ్ళు భోజనానికి కూర్చుంటే పీట వేసినంత మామూలుగా చేశాం.

కార్డు మీద సంతకం నాది. పెళ్ళైన ఇన్నేళ్ళలో నలుగురి ముందు బావగారికి ఎదురు చెప్పినదాన్ని కాను.

"బావగారూ, ఇవాళ అలా తియ్యకూడదండి," అన్నాను. "అది కూడా వెయ్యాలి."

ఆయన తల ఊపి, బంతిని అక్కడే వదిలి, నిలబడి మెల్లగా కొట్టారు. బంతి గుంట అంచు తాకి పక్కకి పోయింది. రెండో గుంట దగ్గర కురచగా ఆగింది. మూడో చోట దాటిపోయింది. ఆమడ దూరం కొట్టగల మనిషి, కాలి దగ్గరున్న బంతిని గుంటలోకి తొయ్యలేకపోయారు. ఆ కార్డు మీద అంకె ముప్పైకి పైనే పడింది.

దుబాయ్ తిరిగొస్తుంటే కార్లో రగడ. అన్నయ్యకి ఈ వయసులో పరీక్షలేంటి, ఆ చిన్నవన్నీ పడ్డట్టు రాసి సంతకం పెట్టెయ్యి అని మా ఆయన. వెనక సీట్లోంచి మిత్రుడు కూడా అదే పాట.

"గింతదానికి ఏమైతది వదినా? ఆడికి వోయి ఎవడు జూస్తడు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ మనం చేసిన మర్యాద చాలు, దాని మీద నా సంతకం కూడా కావాలా అన్నాను. దొంగ కార్డుతో తీసుకెళ్తే, ఆయన ఆ గడ్డి మీద ఏ మొహంతో నిలబడతారు అన్నాను. ఇంకా చాలా అన్నాను. అరిచినంతసేపు బాగానే ఉంది. లిఫ్టులో మాత్రం ఏడుపొచ్చింది. ఆయన్ని వదిలేసి మేం ముగ్గురం వెళ్ళే ప్రశ్నే లేదు. అంటే ఆ సర్టిఫికెట్ రాకపోతే ప్రయాణం లేదు, ఆయనకి ఇంకో సెప్టెంబరూ లేదు.

మర్నాడు పొద్దున్నే బావగారి ఫోన్ వచ్చింది. ఎప్పుడూ తమ్ముడికి చేసే మనిషి నాకు చేశారు.

"అమ్మాయ్, మీరు వదిలేస్తున్నారని తెలుసు గానీ, ఇంత వదిలేస్తున్నారని తెలీదు," అన్నారు. "మిగతా రెండు కార్డులూ నువ్వే రాయి. వాళ్ళిద్దరికీ ఇవ్వకు."

సరేనండి అన్నాను.

ఆ రోజు నుంచి అల్ ఐన్ ఇంట్లో హాలంతా మైదానం. మా తోటికోడలిని నేను అక్కయ్యా అంటాను. ఆ చలిలో నేను రానంటే రానని ప్రయాణానికి ముందే చేతులెత్తేసిన మనిషి ఇప్పుడు రోజూ నాకు ఫిర్యాదులు చేసేది. తివాచీ మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టి అందులోకి బంతులు కొడుతున్నారట. కాఫీ గ్లాసులన్నీ సొట్టలు పడ్డాయట. ఆఫీసుకి బూట్లు వేసుకుని కూడా తలుపు దగ్గర్నుంచి వెనక్కొచ్చి ఇంకొకటి కొట్టి వెళ్తున్నారట. మీ బావగారికి పాతికేళ్ళ కుర్రాడి పోకడలొచ్చాయే అని ఆవిడ విసుక్కుంటుంటే ఆ గొంతులో విసుగు కంటే మురిపెమే ఎక్కువ వినిపించింది. నా సంబరం కూడా తిరిగొచ్చింది. మళ్ళీ మ్యాపు తెరిచాను. ఊరగాయ సీసాలు కర్రల సంచీలో పెడితే విమానంలో పగులుతాయా లేదా అని మా ఆయనతో పోట్లాడాను.

రెండో కార్డు మొదటిదానికంటే నయం. ఇరవై ఏడు. మూడో ఆట నాటికి ఎండలు ఇంకా ముదిరాయి. తెల్లారుతూనే మొదలుపెట్టాం. ఆ పూట బావగారు ఎవరి వంకా చూడలేదు. చిన్నవి కొన్ని పడ్డాయి, కొన్ని తప్పాయి. తప్పినప్పుడు మేం ఎటో చూడటం మానేశాం. అయ్యో అని పైకే అన్నాం. ఒకసారి ఆయనే గట్టిగా తిట్టుకున్నారు. ఆయన నోట తిట్టు వినడం మా ఆయనకే మొదటిసారట.

చివరి గుంట దగ్గరికి వచ్చేసరికి కార్డు రాస్తున్న నా చేతికి లెక్క తెలిసిపోయింది. అక్కడ ఇంకొక్క దెబ్బలో పడితే ఇరవై నాలుగు. లేకపోతే లేదు. నేను పైకి చెప్పలేదు కానీ నా మొహం చూసి ముగ్గురికీ తెలిసిపోయినట్టుంది. బంతికీ గుంటకీ మధ్య రెండడుగులు. మా ఆయన నోరు తెరవబోయి తన పెదాల మీద తనే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మిత్రుడు టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

బావగారు చాలాసేపు నిలబడ్డారు. మెల్లగా కొట్టారు. బంతి తొందరేమీ లేనట్టు దొర్లుకుంటూ వెళ్ళి, అంచు దగ్గర క్షణం ఆగినట్టే ఆగి, లోపల పడింది. మిత్రుడు ఆయన్ని పైకెత్తినంత పని చేశాడు. మా ఆయన నన్ను పట్టుకుని గంతులేస్తున్నాడు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీదు. స్కాట్లండ్ వెళ్తున్నాం, నలుగురం వెళ్తున్నాం!

ఆ గోలంతా అయ్యాక చూస్తే బావగారు గుంట పక్కన వంగి, చెయ్యి లోపలపెట్టి బంతి తీస్తున్నారు.

"ఇన్నేళ్ళూ మీరు తీసేయ్ అంటుంటే తీసేసుకున్నానమ్మా," అన్నారు నాతో. "లోపల పడుతుంటే ఎంత బాగుందో."

ఆ బంతిని మళ్ళీ రెండడుగుల దూరంలో పెట్టారు. మళ్ళీ కొట్టారు. పడింది. తీశారు, మళ్ళీ పెట్టారు. ఆట అయిపోయింది, కార్డు మూసేశాను, ఆ దెబ్బలు ఏ లెక్కలోకీ రావు. మా వెనక ఆడుతున్నవాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని, ఎప్పుడు తప్పుకుంటామా అని చూస్తున్నారు. నేను వాళ్ళ వైపు తిరిగి చెయ్యెత్తి ఆగమన్నాను.