సుభద్ర గారు దిద్దిన అంచనా

ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితాల వేడి వాసన తగిలితే నేను ఇప్పటికీ ప్రతి అంకె మళ్లీ మొదటి నుంచి చూస్తాను. ఈ జనవరిలోనూ అంతే. చమురు ధర ఎటు పోతుందో తెలియదు, ఎగుమతులు సాగుతాయో లేదో తెలియదు. వచ్చే ఏడాది దేశానికి పన్నుల మీద ఎంత వస్తుందో మాత్రం మేం ఇవాళే రాసివ్వాలి. ఇలాంటప్పుడే సుభద్ర గారు గుర్తొస్తారు.

ఢిల్లీలో, ఆర్థిక శాఖలో ఆవిడ నా మొదటి పై అధికారి. విజయనగరం వైపు మనిషి, ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉండేవారు. నేను ఏ అంకె తీసుకెళ్లినా "ఇది నీకెలా తెలుసు ప్రసాదూ?" అని అడిగేవారు. కూడికలన్నీ సరిపోయాయి కదా, ఇంకేం తెలియాలని లోపల విసుక్కునేవాణ్ణి.

నేను చేరిన మూడో ఏడు, బడ్జెట్ పత్రాలు అచ్చుకు వెళ్లడానికి ఇంకా రెండు రోజులుందనగా, క్యాంటీన్‌లో భోంచేస్తుంటే నేను చేసిన తప్పు తట్టింది. అంతకు ముందు ఏడు ఒక పాత వివాదం తేలి ఒక్కసారిగా పెద్ద పన్ను జమైంది. అది మళ్లీ వచ్చేది కాదు. నేను దాన్ని ఏటా వచ్చే రాబడిలో కలిపేశాను. ఆ రాబడిని నమ్ముకునే ఖర్చులన్నీ రాసేశారు. ఎవరూ గమనించలేదు. నేను ఊరుకుంటే ఇక గమనించరు కూడా. చాలాసేపు మెట్ల దగ్గరే నిలబడి, చివరికి ఆవిడ గదిలోకి వెళ్లాను.

"మేడమ్, తప్పు చేశాను."

అంతా విన్నాక ఆవిడ ముఖం పాలిపోయింది. అయినా తిట్టలేదు. "కూర్చో. ఇంకెక్కడైనా ఇలా కలిపావేమో, ముందది చూద్దాం" అన్నారు. సాయంత్రం దాకా ఇద్దరం ప్రతి వరసా చూశాం. తర్వాత నన్ను వెంటబెట్టుకుని మా శాఖ పెద్దసారు గదికి వెళ్లారు.

ఆయన మండిపడ్డారు. "ఇప్పుడా చెప్పేది? కొత్త ఆస్పత్రుల పద్దు కోసెయ్యమంటారా? అంచనాయే కదా, కాస్త అటూ ఇటూ అవుతుంది. వదిలేయండి."

"తెలియక అటూ ఇటూ అవడం వేరు సర్, తెలిసి రాయడం వేరు. సంతకం నాది, తప్పూ నాదే" అన్నారావిడ. నేను నోరు తెరవబోతే చేత్తో వారించారు.

అంకె తగ్గింది. కొన్ని ఆస్పత్రులు వాయిదా పడ్డాయి, వాటిలో ఒకటి మా జిల్లాది. రెండు నెలలకే ఆవిడను పెద్దగా పనిలేని ఓ సీటుకు మార్చారు. ఆ ఏడు పన్నులు మేం దిద్దిన అంకె కన్నా కూడా తక్కువే వచ్చాయి. సరోజినీ నగర్ మార్కెట్‌లో ఆవిడ కనిపిస్తే, అంకె తగ్గించడమే మంచిదైందని ఆ మాట సంబరంగా చెప్పాను. ఆవిడ సంతోషించలేదు.

"అయితే అప్పటికీ ఎక్కువే రాశామన్నమాట."

"ఆ రోజు మీకు భయం వెయ్యలేదా మేడమ్?"

"ఎందుకు వెయ్యదూ? ఇప్పటికీ వేస్తూనే ఉంది. ఆగిపోయిన ఆస్పత్రుల ఊళ్ల పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు."

ఇప్పుడు సంతకం నాది. ఏ పద్దు తగ్గించాల్సి వచ్చినా, దాని వెనక ఉన్న ఊళ్ల జాబితా తెప్పించుకుని పేరుపేరునా చదువుతాను. చదివాక దిగులు ఇంకాస్త పెరుగుతుంది. ఆ దిగులుతోనే సంతకం పెడతాను.